నోటు పుస్తకంలో పదకొండు ‘పాపం’లు

ఆ వారం స్లిప్ టెస్టులో ఆ అమ్మాయికి అయిదుకు అయిదు వచ్చాయి. ప్రాథమిక హక్కులు ఆరూ వరసగా రాసింది. విద్యాహక్కును చేర్చిన 21ఏ అధికరణం 2002 నాటి 86వ సవరణతో వచ్చిందనీ, 2009లో చేసిన చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైందనీ ఎక్కడా తడబడకుండా రాసింది. అదే వారం ఆమె ప్రాజెక్టు నోటు పుస్తకం కూడా నా బల్ల మీదికి వచ్చింది. ఊరి చివర ఉన్న ఇటుక బట్టీని చూసి వచ్చి రాసిన మూడు పేజీలు. వాటిలో ‘పాపం’ అనే మాట పదకొండు సార్లు ఉంది. పాపం పిల్లలు చెప్పులు లేకుండా తిరుగుతున్నారు. పాపం వాళ్లకు మన భాష రాదు. పాపం ఒక పాప ఎండలో ఇటుకలు తిప్పుతోంది. ‘హక్కు’ అనే మాట మాత్రం వెతికినా లేదు.

రెండూ ఒకే చేత్తో, ఒకే వారంలో రాసినవి. పరీక్ష కాగితంలో ఉన్న 21ఏకూ, బట్టీ దగ్గర ఇటుకలు తిప్పుతున్న పాపకూ మధ్య ఆమెకు దారి కనబడలేదు. ఆ దారి కొంతవరకైనా ఎలా పడిందో, మధ్యలో నేను చేసిన తప్పు వల్ల ఎలా తెగిపోయిందో చెప్పడానికే ఈ కేసు స్టడీ రాస్తున్నాను. అమ్మాయి పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. కారణం చదువుతూ పోతే తెలుస్తుంది.

నేను పెద్దపల్లి జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఇది 2022-23 విద్యా సంవత్సరం నాటి సంగతి. అప్పుడు ఆమె తొమ్మిదో తరగతి. తండ్రి ట్రాక్టరు నడుపుతాడు, ఎక్కువగా ఇటుక లోడ్లే. తల్లి బీడీలు చుడుతుంది, సీజనులో పత్తి ఏరడానికి వెళుతుంది. ఇంట్లో నాయనమ్మ ఉంది. ఈ కేసులో ఆమె పాత్ర చిన్నదే అయినా అది లేకపోతే మిగతాది నిలబడదు.

మా ప్రాంతం తెలియనివారికి ఒక మాట. పెద్దపల్లి, కరీంనగర్ జిల్లాల బట్టీల్లో పనిచేసే కుటుంబాలు చాలావరకు పశ్చిమ ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా లాంటి జిల్లాల నుంచి వస్తాయి. అక్కడ నువాఖాయి పండుగ దాటాక, కూలీలను కుదిర్చే సర్దార్ చేతి మీదుగా అడ్వాన్సు తీసుకుంటారు. వానలు వెనకబట్టాక ఇక్కడికి చేరతారు. మళ్లీ తొలకరి లోపల వెళ్లిపోతారు. అంటే మా బడి తెరిచి ఉండే కాలంలో ఎక్కువ భాగం ఆ పిల్లలు మా ఊళ్లోనే ఉంటారు. ఏడేళ్లుగా అదే బడిలో పనిచేస్తూ, రోజూ ఆ బట్టీ పక్క నుంచే బస్సులో వస్తూ, నేను కూడా వాళ్లను లెక్కపెట్టలేదు.

పదకొండు ‘పాపం’ల గురించి మొదట అమ్మాయిని తప్పుబట్టబోయాను. తరువాత నేను ఇచ్చిన ప్రాజెక్టు కాగితం తీసి చూసుకున్నాను. ‘వలస కూలీల కష్టాలు తెలుసుకుని రాయండి’ అని ఉంది, నా చేతిరాతతోనే. కష్టాలు రాయమంటే పిల్ల ఇంకేం రాస్తుంది? ఫార్మేటివ్ పరీక్షల ప్రాజెక్టుకు అయిదు మార్కులు ఉంటాయి. ఆ అయిదు మార్కులకు మేము ఏటా పిల్లల చేత జాలిని అట్టల మీద అతికిస్తూ వస్తున్నాం.

జాలి పడటం తప్పని నేననను. కాకపోతే జాలి పడినవారు ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. హక్కు దగ్గర అలా కాదు. అవతల ఎవరో ఒకరు బాకీ ఉంటారు. ఆ బాకీదారు ఎవరో పిల్లలకు కనబడకపోతే, అధికరణాల సంఖ్యలు ఎక్కాల్లాగా నోటికి వస్తాయి, అంతే.

మూడు గడుల కాగితం

నోటు పుస్తకం తిరిగి ఇచ్చి, ‘పాపం’ ఉన్న ప్రతి వాక్యాన్నీ మళ్లీ రాయమన్నాను. పేజీకి మూడు గడులు. మొదటిది ఏం చూశావు, రెండోది అది ఎవరు సరిచేయాలి, మూడోది అలా చేయాలని ఎక్కడ రాసి ఉంది. ‘పాపం’ అనే మాట వాడకూడదని మాత్రం చెప్పలేదు. మాటను నిషేధిస్తే ఆమె దాని బదులు ‘దయనీయం’ అని రాస్తుందని నాకు తెలుసు.

మొదటి గడిలో ‘పిల్లలు బడికి రావడం లేదు’ అని రాసింది. రెండో గడిలో ‘వాళ్ల అమ్మానాన్నలు’. మూడోది ఖాళీ. దిద్దబోయి ఆగాను. విద్యాహక్కు చట్టం తెలుగు ప్రతి ఇచ్చి, తొమ్మిదో సెక్షను చదివి రమ్మన్నాను. స్థానిక సంస్థ చేయాల్సిన పనులన్నీ అందులో ఒక జాబితాగా ఉంటాయి. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించేలా చూడటం వాటిలో ఒకటి.

మర్నాడు ప్రార్థన కాకముందే వచ్చింది.

“మేడం, స్థానిక సంస్థ అంటే ఎవరు?”

“రెండో సెక్షనులో ఉంది. చూడలేదా?”

“చూశాను. పంచాయతీ, మున్సిపాలిటీ, జిల్లా పరిషత్ అని ఉంది.” కొంచెం ఆగింది. “మన గేటు మీద కూడా జిల్లా పరిషత్ అనే కదా మేడం ఉంది?”

ఆ గేటు కింది నుంచి ఇన్నేళ్లు నడిచాను. బాకీదారు పేరు నీలం రంగు మీద తెల్ల అక్షరాలతో మా నెత్తి మీదే ఉందని నాకెప్పుడూ తోచలేదు. ఆ రోజు ఆమె రెండో గడిలో ‘జిల్లా పరిషత్, పంచాయతీ’ అని రాసింది. ముందు రాసినదాన్ని కొట్టివేయకుండా ‘అమ్మానాన్నలు కూడా’ అని మార్చింది. పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షను చెబుతుంది కాబట్టి అది కూడా సరైనదే. ఇలాంటి చోట తొందరపడి దిద్దితే ఈ ‘కూడా’ పోయేది.

రెండోసారి బట్టీకి నలుగురు పిల్లలతో నేనూ వెళ్లాను. ఈసారి వాళ్లు పని ఎలా నడుస్తుందో అడిగారు. మట్టి తొక్కి అచ్చు పోసిన పచ్చి ఇటుకలు వరసలుగా పరిచి ఉంటాయి. ఒక పక్క ఆరాక వాటిని తిప్పి నిలబెట్టాలి. పెద్దవాళ్లు ఆ వరసల మధ్య నడిస్తే అంచులు విరుగుతాయి. చిన్న పిల్లల బరువు తక్కువ, పాదాలు చిన్నవి. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. రోజు కూలి అయితే పిల్ల పని చేసినా చేయకపోయినా ఒకటే. వెయ్యి లెక్క అయ్యేసరికి ఆ చిన్న చేతులు కూడా లెక్కలోకి వస్తాయి. ‘వాళ్ల పిల్లలే, వాళ్ల అమ్మానాన్నల దగ్గరే ఆడుకుంటున్నారు’ అన్నారు అక్కడి గుమస్తా. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, పిల్లలు బడి అయ్యాక కుటుంబ పనిలో సాయపడవచ్చని చెప్పిన మాట నిజమే. కానీ ఈ పని కుటుంబానిది కాదు, బట్టీ యజమానిది. బడి అయ్యాక అనడానికి ఈ పిల్లలకు అసలు బడే లేదు.

ఒక కుటుంబం తమ అడ్వాన్సు ఎంతో, వారం ఖర్చులకు ఎంత ఇస్తున్నారో మా పిల్లలకు వచ్చీరాని హిందీలో చెప్పింది. అమ్మాయి ఆ రాత్రి లెక్క వేసింది. అడ్వాన్సును వెయ్యి ఇటుకల రేటుతో భాగించింది. వారపు ఖర్చులు కూడా అప్పులోనే రాస్తారు కాబట్టి వాటినీ కలిపింది. వానకు పాడైన ఇటుకలు కూలీ లెక్కలోంచి పోతాయని విన్నది గుర్తొచ్చి, మళ్లీ మొదటి నుంచి వేసింది. ఆ అంకెలు ఒక్క కుటుంబానివి, అందుకే ఇక్కడ వేయడం లేదు. ఆమె తేల్చినది మాత్రం చెబుతాను. పిల్లల చేతులు తీసేస్తే సీజను అయిపోయినా అప్పు మిగులుతుంది. లెక్క కింద ‘మరి పిల్లలను బడికి పంపితే ఎలా?’ అని రాసి రెండు గీతలు గీసింది. అయిదు మార్కుల ప్రాజెక్టులో ఇంత మంచి ప్రశ్న నేను అంతకుముందు చూడలేదు.

నాయనమ్మ మాట

ఈ లెక్క వేస్తుండగా నాయనమ్మ పక్కనే ఉందట. అడ్వాన్సు, సర్దార్ అనే మాటలు విని ఆమె అన్నది: “అది కూలి కాదే, జీతం.”

ఇది తెలంగాణ పల్లెల్లో పుట్టినవారికి వెంటనే అర్థమవుతుంది. మా పాతతరానికి ‘జీతం ఉండటం’ అంటే నెలజీతం తీసుకోవడం కాదు. అప్పు కింద ఒక ఇంటికి ఏళ్ల తరబడి కట్టుబడి పనిచేయడం. ఆమె మామ అలాగే ఉన్నాడట. అప్పు ఎంతో ఆయనకు చివరి వరకు తెలియలేదట, లెక్క దొర పుస్తకంలో ఉండేది కాబట్టి. అత్త గడీలో బట్టలు ఉతికి వచ్చేది. దానికి కూలి అనే ఊసే లేదు.

అమ్మాయికి వెట్టి తెలుసు, పాఠంలో ఉంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి పంటను కాపాడుకున్న సంగతి మీద ఎనిమిదో తరగతిలో ఉపన్యాసం చెప్పి బహుమతి తెచ్చుకుంది కూడా. ఆ వెట్టి తన ఇంట్లోనే ఉండేదని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నోటు పుస్తకంలో గడులు లేవు. నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి, కింద ‘ఐలమ్మ గురించి నేను చెప్పినప్పుడు నాయనమ్మ వింటూనే ఉంది. అప్పుడు ఏమీ అనలేదు’ అని రాసింది.

అప్పుడే 1982 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి తరగతిలో చెప్పాను. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణాల్లో పనిచేసిన కూలీల కేసు అది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని జస్టిస్ భగవతి ధర్మాసనం తేల్చింది. కొరడా, గొలుసు ఉండనక్కరలేదు, ఆకలి బలవంతం చేసినా అది బలవంతమే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అయితే, అడ్వాన్సుకు కట్టుబడి చేసే చాకిరీని గుర్తించి, ఆ అప్పునే రద్దు చేస్తుంది. ఇది విన్నాక వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి “అయితే బాకీ ఉన్నది కూలీలు కాదా మేడం?” అన్నాడు. తరగతి నవ్వింది. అమ్మాయి నవ్వలేదు, రాసుకుంది.

నేను చేసిన తప్పు

ఇక్కడి దాకా చక్కగా నడిచింది. అందుకే నాకు తొందర పుట్టింది.

బట్టీ పిల్లలను లెక్కపెట్టి బడిలో చేర్చాలని ఒక వినతిపత్రం రాస్తానని ఆమె అంది. రాసింది. బాగా రాసింది. ఆ గర్వంలో, కింద ఆమె పేరు, తరగతి ఉండగానే మండల విద్యాధికారికి ఒకటి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణికి ఒకటి వెళ్లనిచ్చాను. ‘విద్యార్థిని చొరవ’ అని ఎవరైనా మెచ్చుకుంటారన్న ఆశ నాలో లేదని చెప్పను.

పది రోజుల్లోపే ఆమె తండ్రికి ఆ బట్టీలో ట్రిప్పులు ఆగిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదట. “రేపటి నుంచి వేరే బండి వస్తుంది” అన్నారట, అంతే.

ఆయన బడికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మేడం, మా పిల్ల తప్పు రాసిందని నేననడం లేదు. కానీ ఈ హక్కుల గొడవ మాకెందుకు పెట్టారు?”

“తప్పు నాదే. పేరు తీసేయాల్సింది.”

“పేరు సంగతి కాదు. హక్కులంటే మాకు తెలియదనుకున్నారా? మా చిన్నప్పుడు ఆ మాట అన్నవాళ్ల ఇళ్ల ముందు రాత్రిపూట జీపులు ఆగేవి.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పాఠ్యపుస్తకంలో మానవ హక్కులు 1948 డిసెంబరు 10న పారిస్‌లో మొదలై ముప్పై అధికరణాలుగా నడుస్తాయి. ఉత్తర తెలంగాణలో ఆ మాట చరిత్ర వేరు. నేను బీఈడీ చదివింది వరంగల్‌లో. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్ పౌరహక్కుల ఉద్యమంలోకి వెళ్లిన సంగతి, పౌరహక్కుల సంఘంలో పనిచేసిన పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబరు 3న ఆయన దవాఖానాలోనే కాల్చి చంపిన సంగతి అక్కడ సీనియర్లు గొంతు తగ్గించి చెప్పేవారు. ఇవన్నీ తెలిసి కూడా, పద్నాలుగేళ్ల పిల్ల పేరుతో కాగితం బయటికి పంపాను. హక్కులు చెప్పే టీచరు ముందుగా నేర్చుకోవాల్సినది, ఆ పాఠానికి అయ్యే ఖర్చు ఎవరి ఇంటి నుంచి పోతుందో చూసుకోవడం. నాకది ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కరలేకుండానే తెలియాల్సింది.

మర్నాడు హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. ఆయన కోప్పడ్డారు, న్యాయంగానే. తరువాత బడి తరఫున, తొమ్మిదో సెక్షను పేర్కొంటూ తన సంతకంతో మండల విద్యాధికారికి ఉత్తరం పంపారు. మొదటి రోజే జరగాల్సింది అది. అమ్మాయి కనిపెట్టినట్టు బాకీ మా బడిది కూడా అయినప్పుడు, ఉత్తరం కూడా మా బడే రాయాలి కదా. తండ్రికి వేరే బట్టీలో పని దొరికేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల నష్టం నేను పూడ్చలేదు. ఇస్తానంటే ఆయన తీసుకోలేదు.

అమ్మాయి దాదాపు మూడు వారాలు తరగతిలో నోరు విప్పలేదు. నోటు పుస్తకంలో ఒక్క పేజీ మాత్రం కొత్తగా కనబడింది. మొదటి గడిలో ‘మా నాన్న ట్రిప్పులు ఆగాయి’. రెండో గడి ఖాళీ. మూడో గడి ఖాళీ. ఆ పేజీ మీద నేను ఎర్ర పెన్ను పెట్టలేదు.

తొమ్మిది మంది

ఫిబ్రవరి మొదట్లో విద్యాశాఖ తరఫున క్లస్టర్ రిసోర్స్ పర్సన్ వచ్చి బట్టీలో పిల్లలను లెక్కపెట్టి వెళ్లాడు. ఒడియాలో చెప్పే టీచరు దొరకలేదు. బోధన వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలని చట్టంలో ఉంది. ఆ ‘వీలైనంతవరకు’ అనే మాట దగ్గరే అన్నీ ఆగిపోతాయి. చివరికి తొమ్మిది మంది పిల్లలు మా ఊరి ప్రాథమిక పాఠశాలకు రావడం మొదలుపెట్టారు. అది మా ఆవరణలోనే ఉంది. వయసు రుజువు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు కాబట్టి నోటి మాట మీదే చేర్చుకున్నారు.

మూడో రోజు భోజనాల దగ్గర గొడవైంది. గుడ్లు పెట్టే రోజు. తొమ్మిది గుడ్లు తక్కువయ్యాయని మా తరగతి అబ్బాయి ఒకడు, “మన గుడ్లు వాళ్లకు పెడుతున్నారు” అన్నాడు.

“ఏం, మీ కోడి పెట్టిందా?” అంది మా అమ్మాయి. ఆరు వారాల్లో ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి గట్టి మాట అదే.

ఇలా రాస్తే కథ బాగానే ముగిసినట్టుంటుంది కానీ, అదే వారంలో నేను ఇంకొకటి చూశాను. ఆ తొమ్మిది మందికి భోజనం వడ్డించే బాధ్యత ఆమె తనంతట తనే తీసుకుంది. వాళ్లను వేప చెట్టు కింద వేరే వరసలో, అందరి తరువాత కూర్చోబెట్టింది. “వాళ్లకు మన మాట రాదు కదా మేడం, కలిస్తే అయోమయం” అంది. దురుద్దేశం ఏమీ లేదు, నిర్వహణ సౌకర్యం. అన్ని ఊళ్లలోనూ వేరే వరసలు మొదలయ్యేది ఇలాగే. నేను ఉపదేశం చేయలేదు. మూడు గడుల కాగితం ఒకటి ఇచ్చి, మొదటి గడిలో ‘తొమ్మిది మంది వేరే వరసలో తింటున్నారు’ అని నేనే రాశాను. ‘ఎవరు సరిచేయాలి’ అన్న గడి దగ్గర ఆమె చాలాసేపు కూర్చుంది. తన పేరు రాయలేదు. మర్నాడు వరస మాత్రం మారింది. పక్క వరసలో ఉన్న మా పిల్లలు కొందరు జరిగి కూర్చున్నారు, అది కూడా చూశాను. ఆ జరగడం ఏప్రిల్ దాకా పూర్తిగా పోలేదు.

ఏప్రిల్ చివర్లో ఆ కుటుంబాలు వెళ్లిపోయాయి. వెళ్లే ముందు పిల్లలకు ఇక్కడ చదివినట్టు కాగితం ఇస్తారా అని అడిగింది ఈ అమ్మాయే. ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారు హాజరైన రోజుల లెక్కతో తొమ్మిది కాగితాలు రాసి ఇచ్చారు. అవి బలంగీర్‌లో ఏ బడిలోనైనా పనికొచ్చాయో లేదో నాకు తెలియదు.

ఈ అమ్మాయి ఏం నేర్చుకుందని శిక్షణ తరగతుల్లో తోటి టీచర్లు అడుగుతుంటారు. ఏడాది చివరి ప్రాజెక్టులో ‘పాపం’ రెండు సార్లే ఉంది, రెండూ నా గురించే. ‘పాపం మేడం కూడా భయపడ్డారు’ అనేది వాటిలో ఒకటి. పరీక్షలో మార్కులు ఎప్పటిలాగే వచ్చాయి. వినతిపత్రాల మీద ఆమెకు పెద్ద నమ్మకం మిగల్లేదు. తండ్రి ముందు బట్టీ ఊసు ఎత్తడం మానేసిందని నాయనమ్మ చెప్పింది. ఇవన్నీ కూడా నేర్చుకున్నవే.

తరువాతి ఏడాది, ఆమె పదో తరగతిలో ఉండగా, నవంబరులో బట్టీలోకి మళ్లీ మనుషులు దిగారు. ఒక మధ్యాహ్నం పాత తొమ్మిది పేర్ల జాబితా తెచ్చింది. రెండు పేర్ల పక్కన టిక్కు పెట్టి ఉంది, వాళ్లు మళ్లీ వచ్చారు. మూడో పేరు మీద వేలు పెట్టింది. మొదటి రోజు ఇటుకలు తిప్పుతూ కనిపించిన పాప అది.

“ఈమె ఈసారి ఏ బట్టీకి వెళ్లిందో ఎవరిని అడగాలి మేడం?”

అప్పుడు అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, పనికి తీసుకువెళ్లే ప్రతి కార్మికుడి వివరాలను కాంట్రాక్టరు రెండు రాష్ట్రాల అధికారులకూ పదిహేను రోజుల్లో ఇవ్వాల్సి ఉండేది, ఫొటోతో పాసుపుస్తకం కూడా ఇవ్వాల్సి ఉండేది. అంటే పాప తల్లిదండ్రుల పేర్లు రెండు కార్యాలయాల్లో ఉండాలి. అది చెప్పాను. ఆమె పెన్ను తీసింది.

కాగితం ఆమె చేతిలోంచి తీసుకున్నాను. సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల పోస్టల్ ఆర్డరు, ముప్పై రోజుల గడువు. దరఖాస్తుదారు పేరు దగ్గర నా పేరు, మా ఇంటి చిరునామా రాశాను. ప్రశ్నలు మాత్రం ఆమె చెబుతుంటే రాశాను. నాలుగు అయ్యాయి.